అడుగున చిన్న అక్షరాల్లో

ఆ ఏడు మిరప దిగుబడి గ్రాఫు
గోడ మీంచి జారిన బల్లిలా
దబ్బున కిందపడింది.
పైనుంచి ఫోను:
"ఏమ్మా, తెగులా? తామర పురుగా?"
కాదండీ.
గీత.

మొక్క ఎండలేదు, కల్లం తగ్గలేదు.
గురజాల కాయ గురజాలలోనే ఎర్రబడింది.
మాచర్ల రైతు ఎప్పట్లాగే
రాత్రి రెండింటికి లారీ మీద టిక్కీలు వేసుకుని
మా యార్డుకే వచ్చి తుమ్మాడు.
ఘాటు ఇంకా గుంటూరుదే
పంట మాత్రం పల్నాడుది
నా పట్టికలో మిగిలింది పల్లం.

సముద్రం సంగతీ అంతే.
ఒక ఏప్రిల్ సోమవారం ఆఫీసు తాళం తీసేసరికి
జిల్లాకి ఒడ్డు లేదు.
సముద్రపు చేపలు అన్న గడిలో ఏం రాయను?
సున్నా పెడితే వలలు ఖాళీగా వచ్చాయని అర్థం.
అడ్డగీత పెడితే లెక్క అందలేదని.
'వర్తించదు' అని రాద్దామంటే
మా అమ్మ పుట్టింది నిజాంపట్నంలో.

హజరత్తయ్య గారు రిటైరై పదకొండేళ్ళు.
అరండల్‌పేటలో ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను.
చెవి మెషిన్ సర్దుకుని నవ్వాడు.
"డెబ్బైలో ఒంగోలు తెగిపోయినప్పుడు
తల పట్టుకున్న ఆఫీసరొకాయన నాకు చెప్పాడమ్మా,
జిల్లాను నమ్మొద్దురా, అది గోనెసంచి,
లోపలి గింజను నమ్ముకో అని.
అందుకే నేను మండలం మండలంగా రాసిపెట్టా."

గింజ కూడా పగుల్తుంది కదండీ,
ఎనభై అయిదుకు ముందు మండలమే లేదు, ఫిర్కాలు.

కాసేపు మాట్లాడలా.
"అయితే ఊరు."
ఊరి మీదుగా గీత పోతే?
"సర్వే నంబరు."
అదీ చీలితే?
"అప్పుడింక గట్టు మీద కూచో.
ఎవడు కోశాడో వాణ్ణే అడుగు."

మూడు వారాలు
యాభై ఏడు మండలాలూ విప్పి బల్ల మీద పరిచాను.
పద్దెనిమిదింటిని ఏరి దారానికి గుచ్చాను,
పొన్నూరు, కాకుమాను, చేబ్రోలు, కొల్లిపర...
నిన్న పుట్టిన జిల్లాకు
పన్నెండేళ్ళ బాల్యం కుట్టాను.
గ్రాఫు చదునైంది, బల్లి మళ్ళీ గోడెక్కింది.
అంకెలన్నీ నిజమే,
అయితే ఆ ఏళ్ళలో ఆ జిల్లాలో
ఎవరూ బతకలేదు.

ఒక ఏడాది కట్ట మాత్రం చెదలు తిన్నాయి.
కొత్తగా చేరిన ఇమ్మానుయేలు
ముందు ఏడూ తర్వాత ఏడూ చూసి నిష్పత్తి కట్టాడు.
"పాయింటు రెండు రెండు మేడమ్, పంచేద్దాం."
బాగానే కట్టాడు, తప్పు పట్టలేను.
కానీ నిష్పత్తికి వాన తెలీదు నాయనా,
పసుపు చేలు ఒక పక్కే మునిగిన ఏడది.
ఆ నీళ్ళను అందరికీ సమంగా ఎలా పంచుతావు?

ఆ ఏడాది ఖాళీ వదిలాను.
గీత మారిన చోట గ్రాఫును తెంచాను.
పాతది నిండుగా, కుట్టినది చుక్కచుక్కలుగా
రెండూ పక్కపక్కనే వేసి
అడుగున చిన్న అక్షరాల్లో రాశాను:
పోల్చేముందు చదవండి.

"ఈ తెగిందేంటి, అతికించండి, చూడ్డానికి బాలేదు"
అన్నారు పైవాళ్ళు.
బాగుండదండీ, తెగింది కదా.

రాత్రి అమ్మ ఫోను చేసింది.
ఏదో ఫారం నింపుతోందట, పెన్షనుకి.
"పుట్టిన జిల్లా అని అడిగాడే,
గుంటూరని రాయనా, బాపట్లనా?"

ఆ గది చిన్నదంటమ్మా?

"వేలెడంత."

గుంటూరని రాయి.
పక్కన ఒక చుక్క పెట్టు.
కింద జాగా ఉంటే
మిగతాది నేనొచ్చి రాస్తా.